ఎల్ బోర్డు బండిలో అక్క కోసం

చంటికి నలభై దాటాయి. నడినెత్తిన జుట్టు పలచబడింది, బెల్టు ఆఖరి చిల్లు దాకా వచ్చింది. అయినా ఇంట్లో వాళ్ళ నాన్నకి అతనింకా చంటే. బయట మాత్రం అందరూ మాస్టారంటారు. బడికీ బండికీ ఒక్క సున్నాయే తేడా కాబట్టి ఆ పిలుపులో తప్పేం లేదు. అతను కారు నడపడం నేర్పుతాడు. ముందొకటీ వెనకొకటీ ఎల్ బోర్డులు తగిలించుకున్న తెల్లకారులో ఎడంపక్క సీటు అతనిది. ఆ సీటు ముందు కూడా ఒక క్లచ్చి, ఒక బ్రేకు ఉంటాయి. ఏళ్ళ తరబడి ఆ బ్రేకు మీద కాలేసుకుని కూర్చోవడం వల్ల, సినిమా హాల్లో కూర్చున్నా మంగలి కుర్చీలో కూర్చున్నా అతని కుడికాలు తనంతట తానే నేలని నొక్కుతూ ఉంటుంది.

నోట్లో నాలుక లేని మనిషి. నేర్చుకునేవాళ్ళు బండిని తిన్నగా గోడ మీదికి పోనిస్తున్నా "కొంచెం ఇటు తిప్పుదామాండీ" అని అడుగుతాడే తప్ప గొంతు పెంచడు. తను ఇలా తయారవడానికి కారణం అక్క అని అతని నమ్మకం. అక్క ఇంట్లో ఉన్నన్నాళ్ళూ అతనికి ఏ విషయం గురించీ ఆలోచించాల్సిన పని పడలేదు. అక్క వెళ్ళిపోయాక ఆలోచించడం ఎలాగో చెప్పేవాళ్ళు లేకపోయారు. పెళ్ళి కూడా అలాగే ఆగిపోయింది. సంబంధాలు చూడాల్సిన అక్క వచ్చాక చూద్దామని నాన్నా, నాన్న చూస్తాడులే అని అతనూ, ఇద్దరూ కలిసి ఆ సంగతిని చల్లగా వాయిదా వేసేశారు.

అక్క అతని కంటే బాగా పెద్దది. తల్లి పోయిన ఏడాదే ఇల్లు ఆమె చేతిలోకొచ్చింది. ఇక చూడాలి. గుమ్మం దగ్గర చెప్పులు సైజుల వారీగా నిలబడేవి. తువ్వాళ్ళు అంచులు కలుపుకుని ఒకదాని మీద ఒకటి పడుకునేవి. ఎవరైనా సంచీ నింపుకుని ఎదురొస్తే, తెలిసినవాళ్ళా తెలియనివాళ్ళా అని చూడకుండా ఆపి, లోపలున్నదంతా బయటికి తీసి, బరువైనవి కిందా మెత్తనివి పైనా సర్ది, సంచీ కాడలు రెండూ కలిపి ఒక ముడి వేసి పంపేది. పిల్లి చెవుల్లా రెండు కొసలు పైకి లేచే ఆ ముడి ఇంకెవరికీ కుదిరేది కాదు. చంటి చాలాసార్లు ప్రయత్నించాడు. అతను వేస్తే కుక్క చెవుల్లా వాలిపోయేవి.

నాన్న ఆ రోజుల్లో బ్యాండులో బాకా ఊదేవాడు. ఒక మధ్యాహ్నం భోజనాల బల్ల మీద, కంచాల మధ్య, బాకా విప్పి నూనె రాస్తూ కూర్చున్నాడు. అక్క దాన్ని ముక్కలు ముక్కలుగానే తీసుకెళ్ళి బీరువా మీద పెట్టింది.

"నా ఇంట్లో నా బాకాకి చోటు లేదా?" అన్నాడు నాన్న.

"చోటుంది. బల్ల మీద లేదు."

"ఇది నా ఇల్లు."

"అయితే నువ్వే చూసుకో."

"చూసుకుంటా. నువ్వు లేకపోతే ఈ ఇంట్లో పొయ్యి వెలగదా ఏంటి?"

అక్క పెట్టె సర్దుకుంది. సర్దింది నచ్చక మళ్ళీ విప్పి సర్దుకుంది. గుమ్మం దగ్గర ఆగి, గోళ్ళు తీసుకోమని చంటికి చెప్పి మెట్లు దిగింది. నాన్న బాకా బిగించి, ఆమె వీధి మలుపు తిరిగేదాకా ఊదాడు. అది ఏ పాటో చంటికి ఇప్పటికీ తెలియదు. నాన్నకీ తెలిసి ఉండదు.

సాయంత్రానికి వస్తుందనుకున్నారు. తర్వాత ఆదివారానికి వస్తుందనుకున్నారు. "అలిగి వెళ్ళినవాళ్ళని వెతక్కూడదు. ఇంకా బిగుసుకుంటారు," అని నాన్న తీర్మానించాడు. ఆ ఏడాదే వాళ్ళు ఇల్లు మారి ఏటి అవతలికి వచ్చేశారు. అక్కడ చంటి చదువు ముగిసింది, నాన్న బ్యాండు మానేశాడు, చంటి డ్రైవింగ్ స్కూలు పెట్టాడు. స్కూలు పైనున్న రెండు గదుల్లో తండ్రీకొడుకులు కాపురం ఉంటున్నారు. ఆ గదుల్లో ఏ వస్తువు ఎక్కడ ఉందో ఇద్దరికీ తెలియదు.

సంపాదన మొదలయ్యాక చంటి కాళ్ళకి బలపం కట్టుకుని తిరిగాడు. ఆడవాళ్ళ హాస్టళ్ళన్నీ అడిగాడు. ఒక హాస్టలు వార్డెను అతన్ని అనుమానంగా చూసి కుర్చీ వేసి కూర్చోబెట్టి, వెనకనుంచి పోలీసులకి ఫోను చేసింది. పేపర్లో ప్రకటన వేద్దామంటే ఫోటోతో చిక్కొచ్చింది. ఇంట్లో ఉన్న ప్రతి ఫోటోలోనూ అక్క మిగతావాళ్ళని సరిగ్గా నిలబెడుతూ కెమెరాకి వీపు పెట్టి ఉంది. గత్యంతరం లేక ఆ వీపునే వేయించాడు. చాలా ఫోన్లు వచ్చాయి. ఒకాయన ఆ జడ ఖచ్చితంగా తన వదినగారిదేనన్నాడు. వదినగారు ఎక్కడున్నారని అడిగితే, వంటింట్లో ఉందన్నాడు.

అలా ఏళ్ళు గడిచాయి. అలాంటి సమయంలో స్కూల్లో నర్సమ్మ చేరింది.

నర్సమ్మ పెద్దాసుపత్రిలో పనిచేసి రిటైరయిన మనిషి. జీవితమంతా అంబులెన్సుల్లో పక్కన కూర్చుని వెళ్ళినందువల్ల, రోడ్డనేది ఎదుటివాళ్ళు తప్పుకోవడానికే ఉందని ఆమె అభిప్రాయం. లైసెన్సు పరీక్షకి వెళ్ళినప్పుడల్లా ఫెయిలై వస్తోంది. పోయినసారి పరీక్ష పెట్టినాయన కారు దిగి, ఒక్క మాట కూడా అనకుండా నడుచుకుంటూ ఇంటికెళ్ళిపోయాడు.

ఆ రోజు ఆమె క్లాసుకి వస్తూ బజారు సంచీ తెచ్చి వెనక సీట్లో పెట్టింది. చంటి అద్దం సరిచేస్తూ వెనక్కి చూశాడు. సంచీ మీద రెండు పిల్లి చెవులు నిటారుగా నిలబడి ఉన్నాయి.

అతని కుడికాలు బ్రేకు తొక్కేసింది. కారు అప్పటికి ఇంకా కదల్లేదు గనక ఏమీ కాలేదు.

"నర్సమ్మగారూ, ఆ ముడి ఎవరు వేశారు?"

"ఏ ముడి? ఆ సంచీదా? బస్సులో ఒకావిడ పక్కన కూర్చుందిలెండి. నేను అడిగానా, పెట్టానా? 'టమాటాల మీద బంగాళాదుంపలు పెడతారా, చదువుకున్నవాళ్ళు కాదూ?' అని సంచీ లాక్కుని మొత్తం తీసి మళ్ళీ సర్దింది. నా జీవితంలో డాక్టర్లు కూడా నన్నంత మాట అనలేదు. అయినా చూడండి, ఒక్క టమాటా నలగలేదు."

చంటి తేరుకుని, తడబడుతూ, జరిగిందంతా చెప్పాడు. నర్సమ్మ సాంతం విని, సీటు బెల్టు పెట్టుకుంది.

"ఏ బస్సో నాకు తెలుసు. వంతెన మీదుగా పోతుంది. ఇప్పుడే బయల్దేరి ఉంటుంది. పదండి."

"నేను నడుపుతానండీ. మీరిటు..."

"ఇది నా క్లాసు మాస్టారూ," అని నర్సమ్మ గేరు వేసింది.

వంతెన దాకా ఎలా వచ్చిందీ చంటికి గుర్తులేదు. కళ్ళు మూసుకుని బ్రేకు మీద నిలబడ్డాడు. బస్సు కనిపించాక నర్సమ్మ దాని వెనక చేరి, అది ఆగిన ప్రతి స్టాపులోనూ తనూ ఆపింది. ఆగినప్పుడల్లా చంటి దిగి బస్సు కిటికీల్లోకి తొంగిచూసి, ఆ రద్దీలో అక్క కనబడక, పరుగున వచ్చి కారెక్కేవాడు. అలా నాలుగైదు స్టాపులు అయ్యేసరికి బస్సులోని ఆడవాళ్ళు కిటికీ తలుపులు మూసుకోవడం మొదలుపెట్టారు. తర్వాతి స్టాపులో కండక్టరు దిగి కారు దగ్గరికొచ్చాడు.

"ఏమయ్యా పెద్దమనిషీ, ఎల్ బోర్డు కట్టుకుని ఇదేం పని? చూడబోతే వయసు మళ్ళినవాడిలా ఉన్నావు."

నర్సమ్మ కిటికీలోంచి తల బయట పెట్టి, "ఆయన తన అక్కగారి కోసం వెతుక్కుంటున్నారు. పొడుగ్గా ఉంటుంది, అడక్కుండా సంచీలు సర్దుతుంది," అంది.

కండక్టరు మొహం మారిపోయింది. ఒక అడుగు వెనక్కి వేశాడు కూడా.

"మేడమ్ మేస్త్రీ తమ్ముడా నువ్వు? ఆ ముక్క ముందే చెప్పొద్దూ. రోజూ మా బస్సే. ఆవిడెక్కితే నా చిల్లర సంచీ కూడా దాచుకుంటాను నేను. ఇళ్ళు మార్పించే కంపెనీ ఉంది చూడు, సామాను కట్టి వ్యానులో వేస్తారు, దాంట్లో పనివాళ్ళందరికీ ఆవిడే పెద్ద. ఇవాళ నీళ్ళ ట్యాంకు పక్కన మేడలో పని ఉందట. లిఫ్టు పనిచెయ్యదని ఇందాకే ఆ లిఫ్టుని తిట్టుకుంటూ దిగింది."

నీళ్ళ ట్యాంకు వాళ్ళు దాటి వచ్చేశారు. వెనక్కి తిప్పాలి. వెనక్కి తిప్పడం నర్సమ్మకింకా రాలేదు. ఆమె కారుని రోడ్డుకి అడ్డంగా పెట్టి, అక్కడితో విద్య అయిపోయినట్టు చేతులెత్తేసింది. రెండువైపులా బళ్ళు ఆగిపోయి హారన్లు మొదలుపెట్టాయి. ఇంతకాలంలో మొదటిసారి చంటి గొంతు పెంచాడు. "దిగండి," అన్నాడు. నర్సమ్మ ఎంత ఆశ్చర్యపోయిందంటే, నిజంగానే దిగింది. ఆమె ఎడంపక్క సీట్లో కూర్చోగానే చంటి బండిని వెనక్కి తిప్పాడు.

మేడ ముందు వ్యాను ఉంది. మెట్ల మీద నుంచి ఒక ఆడగొంతు కింది దాకా వినిపిస్తోంది. చంటి రెండేసి మెట్లు చొప్పున ఎక్కాడు. ఆ గొంతు కాస్త బొంగురుపోయింది గానీ, అందులో ఆజ్ఞలు మాత్రం అప్పటివే.

మూడో అంతస్తు మలుపులో ఒక పాతకాలపు చెక్క బీరువా ఇరుక్కుని ఉంది. పైనుంచి ఒకతను, కిందనుంచి ఇద్దరు దాన్ని పట్టుకుని చెమటలు కక్కుతున్నారు. బీరువాకి అవతల అక్క. నెరిసిన జుట్టు ముడి వేసుకుని, మగవాళ్ళ చొక్కా ఒకటి చీర మీద తొడుక్కుని, చెయ్యి ఊపుతూ చెబుతోంది. చంటి మలుపు దగ్గర ఆగిపోయాడు. ఇన్నేళ్ళుగా ఆ క్షణంలో అనాలని తయారు చేసుకున్న మాటలన్నీ ఎటు పోయాయో పోయాయి.

"ఎవరయ్యా ఆ మెట్టు మీద?" అంది అక్క, అటు చూడకుండానే. "ఊరికే నిలబడ్డావెందుకు? ఈ మూల పట్టు."

చంటి వెళ్ళి పట్టాడు. వేరే ఆలోచనే రాలేదు. బీరువా కదిలింది. పక్కకి వంగింది. గోడ గీసుకుని మలుపు దాటింది. ఒక అంతస్తు దిగారు. రెండో అంతస్తు మధ్యలో అక్క చూపు అతని చేతుల మీద పడి అక్కడే ఆగిపోయింది. కాసేపు ఆజ్ఞలేమీ రాకపోయేసరికి పనివాళ్ళు అయోమయంగా ఒకరి మొహాలొకరు చూసుకున్నారు.

"ఎడం చెయ్యి కింద పెట్టు చంటీ," అంది అక్క మెల్లిగా. "బల్ల జరిపినా ఇంతే నువ్వు. వేళ్ళు నలగ్గొట్టుకునేవాడివి."

చంటి పట్టు సడలింది.

"వదలకు."

వదల్లేదు. అక్క కొంగుతో మొహం తుడుచుకుంది. చంటికి తుడుచుకోవడానికి చేతులు ఖాళీ లేవు. ఇద్దరి మధ్యా అంత బీరువా ఉంది. పైమెట్టు మీద ఉన్న పనివాడు ఓపిక పట్టి పట్టి, "మేడమ్, ఏడవడం కిందికెళ్ళాక పెట్టుకుందామండీ, బరువంతా నా మీదే ఉంది," అన్నాడు.

బీరువా వ్యానెక్కింది. దాని కాళ్ళకి గోనెపట్టా చుట్టించి, తాడు బిగించి, ఆ ముడి రెండుసార్లు లాగి చూసుకున్నాకే అక్క చంటి వైపు తిరిగింది. అతని రెండు చెవులూ పట్టుకుని మొహాన్ని వెలుతురుకి తిప్పి చూసింది.

"ఎక్కడికి పోయార్రా మీరు?"

చంటి తెల్లబోయాడు. "మేమా? నువ్వు కదక్కా పోయింది?"

"నేనెక్కడికి పోయాను? అలిగి స్నేహితురాలి గదికి వెళ్ళాను. అలిగిన మనిషికి కాస్త టైమివ్వాలా వద్దా? వానలు తగ్గాక ఇంటికొచ్చాను. తాళం వేసుంది. కిటికీలోంచి చూస్తే గోడకి మేకులు తప్ప ఏమీ లేవు. పక్కింటావిడ, సామానంతా వ్యానులో వేసుకుని పోయారంది. ఏ ఊరు, ఏ వీధి, ఎవరికీ చెప్పలేదట. తప్పిపోయింది మీరా నేనా?"

నర్సమ్మ ఈ మాట విని, నిజమేనన్నట్టు తలూపింది. చంటికి అది నచ్చలేదు.

"ఆ వ్యాను కంపెనీకి వెళ్ళి అడిగాను," అని అక్క చెప్పుకొచ్చింది. "ఎవరి సామాను ఎక్కడ దించారో వాళ్ళకే తెలియదు. ఆ గిడ్డంగి చూస్తే నాకు కడుపు తరుక్కుపోయింది. మంచం కోళ్ళు ఒకచోట, మంచం ఒకచోట. మీ ఆచూకీ తెలిసేలోగా కాస్త సర్దిపెడదామని మొదలుపెట్టాను. అలా ఉండిపోయాను. ఏ ఇంటికెళ్ళినా బల్ల మీద బాకా కనబడుతుందేమోనని చూసేదాన్ని."

"పేపర్లో ప్రకటన కూడా వేశానక్కా. నీ వీపు ఫోటో."

"అది నేనా? చూశాను. ఎవరో పాపం, జడ కూడా సరిగ్గా వేసుకోలేదనుకున్నాను."

మిగిలిన సామాను పనివాళ్ళకి అప్పజెప్పి అక్క కారెక్కింది. తిరుగు ప్రయాణంలో చంటి తనే నడుపుతానన్నాడు. నర్సమ్మ ఒప్పుకోలేదు, క్లాసు ఇంకా మిగిలే ఉందంది. వెనక సీట్లోంచి అక్క మొదలుపెట్టింది. అద్దం పైకుందంది. హారన్ అంతసేపు కొట్టక్కర్లేదంది. ఆ లారీని పోనివ్వమంది. నర్సమ్మ వంతెన మధ్యలో బండాపి, "ఒకరికి ఇద్దరు మాస్టార్లయితే నేను నడిచి వెళ్తాను," అంది. ఇద్దరు ఆడవాళ్ళూ కాసేపు అద్దంలో ఒకరినొకరు చూసుకున్నారు. జీవితంలో మొదటిసారి చంటి అక్క వెనక్కి తగ్గడం చూశాడు. ఆమె కళ్ళు తిప్పుకుని బయటికి, నీళ్ళకేసి చూస్తూ కూర్చుంది. కాసేపటికి నర్సమ్మే, "ఈ మలుపు ఎలా తిప్పమంటారు?" అని అడిగింది. అడిగింది చంటిని కాదు.

నాన్న వరండాలో కూర్చుని బూట్లకి పాలిష్ రాసుకుంటున్నాడు. ఒక బూటు చేతికి తొడుక్కుని ఉంది. మెట్లెక్కి వచ్చిన మనిషిని చూశాడు. బూటున్న చెయ్యి అలాగే గాల్లో ఆగిపోయింది. చాలాసేపటికి చంటి వైపు తిరిగాడు.

"ఎవరొచ్చార్రా?"

"అక్క, నాన్నా."

"ఇన్నాళ్ళూ ఎక్కడుందట?"

"ఏటి అవతలే ఉన్నానని చెప్పరా," అంది అక్క, నాన్నకి రెండడుగుల దూరంలో నిలబడి.

"ఉన్న మనిషి రాకూడదా అని అడుగు."

"వస్తే ఇంట్లో మనుషులుండాలా వద్దా అని అడుగు."

ఇద్దరి మధ్యా నిలబడి చంటి మెడ అటూ ఇటూ తిప్పీ తిప్పీ అలిసిపోయాడు. ఆ రోజు ఒకసారి గొంతు పెంచి చూశాడు కదా, అది అంత కష్టమేం కాదనిపించింది. "మీ ఇద్దరికీ చెవులున్నాయి. నేను టీ పెట్టుకొస్తా," అని వంటింట్లోకి వెళ్ళిపోయాడు. వెళ్ళాడే గానీ, టీపొడి డబ్బా ఎక్కడుందో వెతక్కుండా తలుపు చాటున నిలబడ్డాడు.

తర్వాత నాన్న గొంతు వినిపించింది.

"పక్కింటివాళ్ళు రోజూ అడిగేవాళ్ళు. అమ్మాయి కనిపించట్లేదేమండీ అని. ఏం చెప్పను? నా నోటితో నేను పొమ్మన్నానని చెప్పనా? అక్కడ ఉండలేకపోయాను."

"కనీసం తలుపు మీద సుద్దముక్కతో రాసి పోవచ్చుగా."

"నువ్వు తిరిగొస్తావనుకోలేదు. నీది నా పోలిక."

అక్క కుర్చీ లాక్కుని కూర్చున్న చప్పుడైంది. "వచ్చాను. చీకటి పడేదాకా గుమ్మంలో కూర్చున్నాను. ఖాళీ ఇల్లు చూసి కూడా, బజారుకెళ్ళి ఉంటారు, వచ్చేస్తారు అనుకుంటూ కూర్చున్నాను."

నాన్న ఊపిరి బరువుగా రావడం చంటికి వంటింట్లోకి వినిపించింది. బాకా ఊదిన గుండె కదా, నిట్టూర్చినా పక్కవీధికి వినిపిస్తుంది.

"దారిలో బాగా రద్దీగా ఉందమ్మా," అన్నాడు నాన్న చివరికి. "అందుకే ఇంత ఆలస్యమైంది."

అక్క నవ్వింది. నవ్వు మొదలై, మధ్యలో ఏడుపులోకి తిరిగి, మళ్ళీ నవ్వులోకి వచ్చింది. నాన్న చేతికున్న బూటుతోనే ఆమె భుజం తట్టాడు. మగవాళ్ళ చొక్కా మీద నల్లటి మరక పడింది. ఆ మరకని చూసి కూడా ఆమె ఏమీ అనలేదు.

టీ వచ్చేసరికి ఇద్దరూ లోపలికొచ్చి ఉన్నారు, ఆమె గది నలుమూలలా కలయజూస్తోంది. మంచం కింద గొడుగులు, కిటికీలో గిన్నెలు, దండెం మీద కారు టైరు ట్యూబు. చంటి గ్లాసు అందిస్తే తీసుకుంది గానీ కళ్ళు మాత్రం ఆ ట్యూబు మీదే ఉన్నాయి.

"నేను ఆదివారం సామానుతో వచ్చేస్తాను," అంది.

"ఇక్కడ చోటెక్కడుందే?" అన్నాడు నాన్న.

"అది నేను చూసుకుంటా," అంది అక్క, చొక్కా చేతులు పైకి మడుస్తూ.

నాన్న చేతికున్న బూటు తీసి, దాని జత పక్కన పెట్టి, రెండింటి ముక్కులూ సమానంగా వచ్చేలా జరిపాడు. తర్వాత చంటి కాళ్ళకేసి చూసి, చెప్పులు బయట విడిచి రమ్మని కళ్ళతోనే సైగ చేశాడు.